మైనరు కారు వెనక ఓ అమ్మ

మా నాన్నగారు తెనాలిలో డాక్టరు. నా చిన్నప్పుడు ఆయన దగ్గర ఓ మోరిస్ మైనర్ కారు ఉండేది. కొత్తది కాదు, ఎవరో వాడి అమ్మేస్తే కొన్నారు. ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగు. ఊళ్లో అందరూ దాన్ని మైనరు కారు అనేవాళ్లు. మైనరు అంటే మన వైపు అర్థం ఏమిటో మీకు తెలుసుగా! సిల్కు లాల్చీ, మెళ్లో పులిగోరు గొలుసు, చేతిలో సిగరెట్టు పెట్టె. అందుకే కారు ఇంటికొచ్చిన రోజు మా నాయనమ్మ కంగారు పడిపోయిందట. పెళ్లాం బిడ్డలున్నవాడివి, నీకు మైనరు కారెందుకురా అని నాన్నగారిని నిలదీసిందట.

ఆ కారంటే మా పిల్లలకు పండగే. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్కనుంచి నారింజ రంగు చిన్న చెయ్యి ఒకటి టక్కున బయటికొచ్చేది. చలికాలం పొద్దున్నే స్టార్టు కాకపోతే కాంపౌండరు ముందు వైపు ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు. బానెట్ మీద నడిమధ్యన నిలువుగా ఓ పట్టీ ఉండేది. నేను దాన్ని కారు పాపిడి అనుకునేదాన్ని. ముందు సీట్లో నాన్నగారి పక్కన నాయనమ్మ, వెనక అమ్మా మేం ముగ్గురం. అమ్మ ఒళ్లో ఎప్పుడూ ఏదో ఒక సంచి. ఆ కారున్నన్నాళ్లూ అమ్మ ముందు సీట్లో కూర్చోగా నేను చూడలేదు.

ఈమధ్య మా మనవడికి పాత ఆల్బం చూపిస్తూ ఆ పాపిడి సంగతి చెప్పాను. ఆ కారు ఎవరు తయారు చేశారు అమ్మమ్మా అని అడిగాడు. అరవయ్యేళ్లలో నాకెప్పుడూ రాని ప్రశ్న! పుస్తకాలు తిరగేశాను. ఓ పెద్ద ఇంజనీరు కథ దొరుకుతుందనుకుంటే, ఆ కథలో ఓ తల్లి కూడా కనిపించింది.

కట్టుబట్టలతో...

ఆయన పేరు అలెక్ ఇస్సిగోనిస్. 1906 నవంబరు 18న స్మిర్నాలో పుట్టాడు. ఇప్పుడు టర్కీలో ఇజ్మీర్ అని పిలిచే రేవు పట్నం అది. అప్పట్లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి కాన్‌స్టంటైన్ గ్రీకువాడు, అయితే బ్రిటిష్ పౌరసత్వం ఉంది. ఓడల ఇంజనీరింగ్ పనులు చేసే వర్క్‌షాపు వాళ్లది. తల్లి హుల్డా జర్మన్ కుటుంబపు ఆడపడుచు. కలిగిన సంసారం, ఒక్కగానొక్క కొడుకు.

1922లో అంతా తలకిందులైంది. గ్రీకులకూ టర్కులకూ జరిగిన యుద్ధం చివరికొచ్చి, ఆ సెప్టెంబరులో టర్కీ సేనలు స్మిర్నాకు చేరాయి. ఊళ్లో చాలా భాగం తగలబడిపోయింది. బ్రిటిష్ పౌరులను ఆ దేశపు నౌకాదళం ముందే ఓడలెక్కించి మాల్టా దీవికి చేర్చింది. ఇల్లూ, వర్క్‌షాపూ, చుట్టాలూ పక్కాలూ, అన్నీ వెనకే ఉండిపోయాయి. ఆ ఏడే తండ్రి పోయాడు. 1942లో రంగూన్ నుంచి కాందిశీకులై వచ్చిన మనవాళ్ల కథలు ఇంట్లో విన్నవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

1923లో హుల్డా కొడుకును వెంటబెట్టుకుని ఇంగ్లండు చేరింది. ఊరు కాని ఊరు, తోడు లేని బతుకు, పదహారేళ్ల కుర్రాడు. అలెక్ లండన్‌లోని బాటర్సీ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్‌లో చేరాడు. బొమ్మలు అద్భుతంగా గీసేవాడు. లెక్కలు మాత్రం కొరుకుడు పడలేదు. లెక్కల పరీక్ష ఒకసారి కాదు, మూడుసార్లు తప్పాడు! పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయని రెండు రోజులు అన్నం సహించని తల్లులు మనలో ఎంతమంది లేరు? ఈ సంగతి వాళ్ల కోసమే చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే ఓ సింగర్ కారులో తల్లిని ఎక్కించుకుని యూరప్ అంతా తిప్పాడట. దారి పొడుగునా కారు ఆగిపోవడం, ఈయన దిగి బాగుచేయడం. రోడ్డు పక్కన ఎదురుచూస్తూ కూర్చున్న ఆ తల్లిని తలుచుకుంటే నాకు మా అమ్మే గుర్తొస్తుంది.

జాకెట్టు వదులు చేసినట్టు

1934లో హంబర్ కంపెనీలోనూ, 1936లో మోరిస్ కంపెనీలోనూ ఉద్యోగంలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే ఓ చిన్న కారుకు బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. మామూలు సంసారులు కొనుక్కోగలగాలి, లోపల నలుగురూ ఇరుక్కోకుండా కూర్చోవాలి. ఇదీ ఆయన పట్టుదల. ఆయన గీసిన బొమ్మలను జాక్ డేనియల్స్ అనే సహచరుడు కొలతలతో సహా పక్కా డ్రాయింగులుగా మార్చేవాడు.

నమూనా కారు తయారయ్యాక ఇస్సిగోనిస్‌కు నచ్చలేదు. మరీ సన్నగా ఉందనిపించింది. కారును నిలువునా రెండు ముక్కలుగా కోయించి, ఆ ముక్కలను కాస్త కాస్త జరిపి చూశాడు. 4 అంగుళాలు జరిపాక కంటికి ఆనింది. జాకెట్టు బిగుతైతే మనం కుట్లు విప్పి, గుడ్డ అతికి వదులు చేయమూ? అచ్చం అలాగే! ఆ అతుకే బానెట్ మధ్యన పట్టీగా మిగిలింది. చూశారా, నేను పాపిడి అనుకున్నది అదన్నమాట.

కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కు ఆ కారు బొత్తిగా నచ్చలేదు. నీళ్లలో ఉడికించిన గుడ్డులా ఉందని వెక్కిరించాడు. అయినా 1948లో లండన్ ఎర్ల్స్‌కోర్ట్ ప్రదర్శనలో మోరిస్ మైనర్ జనం ముందుకొచ్చింది. 1960 డిసెంబరుకల్లా 10 లక్షల కార్లు తయారయ్యాయి. బ్రిటిష్ కార్లలో ఆ లెక్కకు చేరిన మొదటిది ఇదే. ఆ సంబరానికి లేత ఊదా రంగు కార్లు కొన్ని ప్రత్యేకంగా చేశారు. ఊళ్లు తిరిగి కాన్పులు చేసే నర్సులు, డాక్టర్లు, పంతుళ్లు, అందరికీ అది ఇంటి మనిషైపోయింది. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు దీన్నే బేబీ హిందుస్తాన్ పేరుతో తెచ్చారు.

పది అడుగుల్లో సంసారం

1956లో సూయెజ్ కాలువ గొడవతో ఇంగ్లండులో పెట్రోలుకు కటకట వచ్చింది. రేషను పెట్టారు. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కారు వెంటనే కావాలని కంపెనీ పెద్ద లెనార్డ్ లార్డ్ ఇస్సిగోనిస్‌కు పని అప్పగించాడు. కొత్త ఇంజను వద్దు, ఉన్నదాంతోనే సర్దుకోమన్నాడు. ఉన్నదాంతో సర్దడం మనకు తెలియని విద్యా?

చిన్న గదిలో మంచం నిలువుగా వేస్తే తిరగడానికి చోటుండదు. గోడ వారగా అడ్డంగా వేస్తే గది విశాలమవుతుంది. ఆయన ఇంజనును అలాగే అడ్డంగా తిప్పి పెట్టాడు. గేరుబాక్సును టిఫిన్ క్యారియర్ గిన్నెలా ఇంజను కిందే అమర్చాడు. ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్లేట్టు చేశాడు కాబట్టి వెనక్కి పొడుగాటి ఇరుసు అక్కర్లేదు. చక్రాలు 10 అంగుళాలవి. స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ తయారు చేసిన రబ్బరు దిమ్మలు. తలుపుల లోపల సంచులు పెట్టుకునే పెద్ద అరలు. మొత్తం కారు పొడుగు 10 అడుగులు, అందులో ఎనిమిది పాళ్లు మనుషులకూ సామాన్లకే!

1959 ఆగస్టు 26న మినీ విడుదలైంది. ధర సుమారు 500 పౌండ్లు. మొదట్లో వానొస్తే లోపలికి నీళ్లొచ్చేవి, ఇంజను తడిసి ఆగిపోయేది. తిట్టుకుంటూనే జనం కొన్నారు. రేసుల్లో ఈ బుడత కారుకు మొదటి పెద్ద గెలుపు తెచ్చింది ఎవరనుకున్నారు? పాట్ మాస్, ఆన్ విజ్‌డమ్ అనే ఇద్దరు ఆడవాళ్లు, 1962లో టులిప్ ర్యాలీలో. ఆ తర్వాతే మాంటీకార్లో ర్యాలీలో 1964, 1965, 1967 విజయాలు.

ఇస్సిగోనిస్ గొప్పవాడే కానీ మెత్తనివాడు కాదు. ఎవరి మాటా వినే రకం కాదు. సీటు మరీ సుఖంగా ఉంటే నడిపేవాడికి ఏమరుపాటు వస్తుందనేవాడు. కార్లో రేడియో ఉండటం ఇష్టం లేదు. ఆ మొండితనం ఆయన్ను పైకి తెచ్చింది, చివర్లో ఒంటరినీ చేసింది. 1968లో కంపెనీలు కలిసిపోయాక ఆయన్ను పక్కన పెట్టారు. 1969లో సర్ బిరుదు వచ్చింది, 1971లో రిటైరయ్యాడు.

ఆమె పేరు ఎవరికి తెలుసు?

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండులో దిగిన నాటి నుంచి 1972లో హుల్డా పోయేదాకా, దాదాపు యాభై ఏళ్లు, తల్లీ కొడుకూ ఒకే ఇంట్లో ఉన్నారు. పగలంతా ఫ్యాక్టరీలో ఎవరినీ లెక్కచేయని మనిషి సాయంత్రానికి అమ్మ దగ్గరికే చేరేవాడు. ఆమె పోయేనాటికి ఆయనకు 65 దాటాయి. 1988 అక్టోబరు 2న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. ఆయన పోయాక కూడా 2000 సంవత్సరం దాకా పాత మినీ తయారవుతూనే ఉంది. అన్నీ కలిపి 50 లక్షలు దాటాయి. తమాషా ఏమిటంటే, 1994లో మినీ చేసే కంపెనీని జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ కొన్నప్పుడు, దాని అధిపతి బెర్న్డ్ పిషెట్స్‌రీడర్ హుల్డా వైపు చుట్టమే!

మినీ హుల్డా వల్లే వచ్చిందని నేను అనను. ఆడదాని త్యాగం అని ఓ దండ వేసి దణ్ణం పెట్టడమూ నాకిష్టం లేదు. ఆ యాభై ఏళ్లలో ఆమె ఏమనుకుందో, స్మిర్నాలో వదిలొచ్చిన ఇంటిని ఎన్నిసార్లు కలగందో మనకెలా తెలుస్తుంది? కానీ ఒకటి మాత్రం చెప్పగలను. సర్వం పోగొట్టుకుని, పరాయి దేశంలో పరీక్షలు తప్పిన కొడుకుకు ఆమె ఓ ఇల్లు నిలబెట్టింది. ఆ కొడుకు చిన్న చోటులో నలుగురికి జాగా చూసిపెట్టే విద్య లోకానికి నేర్పాడు.

మా మైనరును నాన్నగారు 1972లో అమ్మేశారు. దాన్ని తీసుకెళ్తుంటే అమ్మ గేటు దగ్గర నిలబడి, తనకూ నడపడం వచ్చి ఉంటే బాగుండేదని మెల్లగా అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. 1996లో, నలభయ్యేళ్లు నిండాక, అందరూ నవ్వుతున్నా నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మాది మారుతి 800. అందులోనూ ఇంజను అడ్డంగానే ఉంటుంది, బలం ముందు చక్రాలకే వెళుతుంది. ఇస్సిగోనిస్ మినీలో చూపిన దారే అదని అప్పుడు నాకు తెలియదు.

మొదటిసారి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి ప్రకాశం బ్యారేజీ మీదుగా తీసుకెళ్లాను. ఒళ్లో సంచి మామూలే. వెనక సీట్లో పెట్టమంటే వినలేదు. అవతలి ఒడ్డు చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, మళ్లీ ఒకసారి ఇటు నుంచి అటు తిప్పుతావా అని అడిగింది.