మూసీ నుండి కావేరికి

1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి హైదరాబాదు పాతనగరాన్ని, అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తింది. వేలాదిమంది మృత్యువాత పడ్డారు. నగరరక్షణకు మార్గం చూపవలసినదిగా నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్ళిలో 1861లో జన్మించిన ఆయనకు పూర్వీకుల ఊరు ఆంధ్రదేశంలోని మోక్షగుండం. వరద నగరాన్ని చేరకముందే, ఎగువనే నిలిపివేయాలన్నది ఆయన నిశ్చయం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని ఫలితాలే.

1909లోనే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. అక్కడి చిక్కు వేరు. కావేరీతీరాన శివసముద్రంలోని జనరేటర్లు 1902 నుండి దాదాపు 150 కిలోమీటర్ల దూరానగల కోలారు బంగారుగనులకు విద్యుత్తు పంపుతున్నాయి. గనులవారు ఇంకా కావాలన్నారు. వేసవిలో నది సన్నగిల్లుతుంది. టర్బైనును తిప్పే నీరు లేనప్పుడు జనరేటరు ఎంత పెద్దదైతేనేమి? యంత్రాలను పెంచాలంటే ముందు నీటిని కూడబెట్టాలి. అందుకు విశ్వేశ్వరయ్య కృష్ణరాజసాగరాన్ని ప్రతిపాదించారు. ఖర్చుకు ఆర్థికశాఖ వెనుదీసింది. గనులకు అమ్మే విద్యుత్తుతోనే రాబడి వస్తుందని ఆయన లెక్కలు చూపారు. 1911లో మహారాజు సమ్మతించారు. ముంచే నీటిని మూసీపై ఆపిన ఆలోచనే కావేరిపై చాలని నీటిని కూర్చింది. శివసముద్రంలో మరిన్ని జనరేటర్లు వెలిశాయి. 1955లో భారతరత్న పొందిన విశ్వేశ్వరయ్య 1962లో బెంగుళూరులో కన్నుమూశారు.