సవర భాష నేర్చిన గిడుగు రామమూర్తి

ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష వినబడే ఊళ్లు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. పాంచాలంకురిచ్చి, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగువారు ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతారు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడి కూడ అటువంటి పట్టణమే. అక్కడ తెలుగు, ఒడియా భాషలతోపాటు కొండలలో నివసించే సవరల భాష కూడ వినబడుతుంది. ఆ పట్టణంలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు తన ఇంటనే సవర భాష నేర్చుకొని చరిత్రలో నిలిచిపోయారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తిగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. వీర్రాజు, వెంకమ్మ ఆయన తల్లిదండ్రులు. బాల్యంలోనే తండ్రి మరణించగా, విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు.

కొండలలోని సవరలకు చదువు అందుబాటులో లేదు. వారికి విద్య చెప్పాలంటే ముందుగా తాను వారి భాష నేర్చుకోవాలని రామమూర్తిగారు గ్రహించారు. కాని అది సులభమైన పని కాదు. ఆనాడు సవర భాషకు లిపి లేదు. నేర్చుకొనేవారికి పాఠ్యపుస్తకం లేదు. పైగా అది తెలుగుకుగాని ఒడియాకుగాని దగ్గరి భాష కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. కాంబోడియాలోని ఖ్మేరు భాష దానికి దూరపు చుట్టం.

పుస్తకం లేకపోతే మనిషే పుస్తకం కావాలి. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఆయన తన ఇంటనే ఉంచుకున్నారు. పిల్లవాడు తల్లి నోటి మాట విని నేర్చినట్లు, ఆ పండితుడు మాట మాటా విని, పలికి, సవర భాష నేర్చుకున్నారు. అంతటితో తృప్తిపడక అడవులలోని సవరల పల్లెలకు వెళ్లి వారి పాటలు, కథలు సేకరించారు.

తరువాత తెలుగు లిపిలో సవర వాచకాలు వ్రాశారు. సవర పిల్లలకోసం సొంత ఖర్చుతో బడి నడిపారు. మద్రాసు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోగా, ఆయన దానిని స్వీకరించక ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావుబహదూర్ బిరుదునిచ్చింది. ఆయన ఇంగ్లీషులో రచించిన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. అడవులలో తిరగడంవల్ల మలేరియా పట్టుకొన్నది. దానికి వాడిన క్వినైన్‌వల్ల జీవితాంతం చెవుడు మిగిలింది. చెవితో విని భాష నేర్చినవానికి ఆ చెవులే సరిగా వినబడకుండా పోయాయి. అయినా ఆయన పని మానలేదు.

ప్రజలు మాట్లాడే భాషలోనే జీవముంటుందని రామమూర్తిగారి దృఢవిశ్వాసం. ఆనాటి తెలుగు పాఠ్యపుస్తకాలు ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలో ఉండేవి. విద్యార్థులు పాఠాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఆ భాషతోనే కుస్తీ పట్టవలసి వచ్చేది. అందుచేత శిష్టులు మాట్లాడే వ్యావహారిక భాషలోనే చదువు సాగాలని ఆయన ఉద్యమించారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. ఎన్నో ఊళ్లు తిరిగి, ఎందరో పండితులతో వాదించారు. నేడు మన పాఠ్యపుస్తకాలు మనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉన్నాయంటే అది ఆయన కృషి ఫలమే.

1936లో పర్లాకిమిడి పట్టణాన్ని కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేర్చారు. దానికి మనసు నొచ్చుకొని, యాభైయేళ్లకు పైగా నివసించిన ఆ ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22వ తేదీన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

తన భాషకోసం జీవితమంతా పోరాడిన రామమూర్తిగారు పొరుగువారి భాషను చిన్నచూపు చూడలేదు. దానిని నేర్చుకొన్నారు, వారి పిల్లలకు దానిలోనే చదువు చెప్పారు. మాతృభాషను ప్రేమించడమంటే ఏమిటో ఆయన జీవితం మనకు నేర్పుతుంది.