చైనా దేశపు తొలి వైమానికుడు ఫెంగ్ రు

నేడు ఏ పత్రికను తెరచినను చైనా వైమానిక దళమును గూర్చి ఏదియో యొక వార్త కానవచ్చుచున్నది. శబ్దమును మించిన వేగముతో పోవు జెట్ విమానములు, రేడారునకు సులభముగా చిక్కని యుద్ధ విమానములు ఆ దేశమున తయారగుచున్నవని వినుచున్నాము. మా విద్యార్థులలో కొందరు ఆ విమానముల పేర్లను, వేగములను కంఠస్థము చేసి మాకే పాఠము చెప్పుచుందురు. ఇంత యెరిగిన యా బాలురలో ఒక్కరికైనను ఫెంగ్ రు అను పేరు తెలియదని కనుగొని, ఆతని చరిత్రమును ఈ సంచికయందు వ్రాయ నుద్యుక్తులమైతిమి.

ఫెంగ్ రు 1884వ సంవత్సరమున దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునందు, ఎన్‌పింగ్ అను సీమలో ఒక పేద సేద్యగాని యింట జన్మించెను. ఆ ప్రాంతపువారు జీవనోపాధికై సముద్రము దాటి అమెరికాకు పోవుట అప్పటికే వాడుకయై యుండెను. మన కోస్తా జిల్లాలనుండి జనులు రంగూను ఓడ లెక్కినట్లే వారును పోయిరని తలపవచ్చును. అయితే చైనా కూలీలు తమ దేశమునకు రాగూడదని అమెరికా ప్రభుత్వము 1882లోనే శాసనము చేసి యుండెను. గనుక అచ్చట చైనావాని బ్రతుకు గౌరవప్రదమైనది కాదు. ఇట్టి కాలమున, సుమారు పండ్రెండేండ్ల ప్రాయమున, ఫెంగ్ రు ఒక బంధువు వెంట శాన్‌ఫ్రాన్సిస్కో నగరము చేరెను.

పగలు కూలిపని, రాత్రి చదువు. ఇదియే ఆతని దినచర్య. ఆ దేశపు ఐశ్వర్యమునకు యంత్రములే మూలమని ఆ బాలునకు తోచెను. తోచిన పిమ్మట ఊరకుండక, పెద్దవాడై న్యూయార్కు ప్రాంతమునకు పోయి, ఓడలు కట్టు కర్మశాలలలోను, విద్యుచ్ఛక్తి పుట్టించు శాలలలోను పనిచేయుచు యంత్రవిద్యను చేతితో నేర్చుకొనెను. కళాశాల పట్ట మేదియు ఆతనికి లేదు. నీరు తోడు యంత్రములను, విద్యుద్యంత్రములను, తంతిలేని టెలిగ్రాఫు పరికరములను స్వయముగా నిర్మించి తన జాతివారిలో పేరు పొందెను.

1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు యంత్రబలముతో ఆకాశమున కెగిరిరి. మరుసటి యేట రష్యా జపానులకు యుద్ధము వచ్చెను. ఆ యుద్ధము జరిగినది రష్యాలోను కాదు, జపానులోను కాదు; చైనా నేలయైన మంచూరియాలో. ఇద్దరు పరాయివారు తన యింట కలహించుచుండగా ఇంటివాడు చేష్టలుడిగి చూచుచుండుట ఫెంగ్ రు మనస్సును గాయపరచెను. విమానములు గల దేశము జోలికి ఇతరులు రారని నమ్మి, ఆ విద్యకే తన జీవితము నర్పించెను.

1906 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపమునకు కూలి, అగ్నికి దగ్ధమయ్యెను. చైనావారి పేట బూడిదయైనది. వారిలో పలువురు ఖాడి దాటి ఓక్లండు పట్టణమున తలదాచుకొనిరి. ఫెంగ్ రు తన యంత్రశాలను అచ్చటనే, ఒక చిన్న గదిలో స్థాపించెను. ధన మిచ్చినవారు చైనా వర్తకులు. తన యత్నము పరుల కంటబడకుండ, ఇంజను భాగములను వేర్వేరు కార్ఖానాలలో పోతపోయించి, తెచ్చి తానే కూర్చెను. ఇంజను లేని విమానము గాలిపటము వంటిదే. పరుల ఇంజనుతో నెగురువాడు పరుల దయ యున్నంతవరకే యెగురును. ఈ సంగతి ఫెంగ్ రు తొలినాడే గ్రహించెనని ఆతని పనివలన తెలియుచున్నది.

1909 సెప్టెంబరు 21వ తేదీ సాయంకాలమున ఓక్లండు కొండల చెంత ఆతని విమానము నేల విడిచెను. భూమికి పది పదునైదడుగుల యెత్తున, సుమారు అరమైలు, అనగా 2,640 అడుగుల దూరము వలయముగా తిరిగెను. అంతలో ప్రొపెల్లరు ఇరుసు విరిగి విమానము కూలెను. ఫెంగ్ రు దెబ్బలతో బయటపడెను. అమెరికా పత్రికలు ఆతని పేరును ఫుంగ్ జో గుయీ యని వ్రాసి కొనియాడినవి.

రైటు సోదరులు తొలినాడు ఎగిరిన మిక్కిలి దూరము 852 అడుగులే గనుక ఫెంగ్ రు వారిని మించెనని కొందరు వ్రాసియున్నారు. ఇది సరియైన తూకము కాదని మా యభిప్రాయము. 1905లోనే ఆ సోదరులు ఒక్కసారిగా 24 మైళ్లు ఎగిరియుండిరి. ఫెంగ్ రు గొప్పతనమునకు ఇట్టి పోలిక యక్కరలేదు. కులాసాగా చదువుకొనుటకు వీలులేని పరదేశి, తన జాతిని వలదన్న దేశమున, ఆ కార్యము చేసెననుటయే చాలును.

పిమ్మట రెండవ విమానమును మరింత మెరుగుగా నిర్మించి యెగిరి, 1911 ప్రారంభమున మువ్వురు సహచరులతోను, యంత్రములతోను ఓడనెక్కి స్వదేశమునకు మరలెను. అమెరికాలో నిలిచియుండిన సుఖముగా నుండెడివాడే.

ఆతడు చేరిన యేడే చైనాలో విప్లవము చెలరేగెను. అక్టోబరులో ఊచాంగ్ నగరమున సైన్యము తిరుగబడెను. నవంబరులో గ్వాంగ్‌డాంగ్ మంచూ చక్రవర్తితో సంబంధము త్రెంచుకొనెను. విప్లవ ప్రభుత్వము ఫెంగ్ రును తన విమాన విభాగమునకు నాయకునిగా నియమించెను. ఆతని విమానము యుద్ధరంగమునకు పోకమునుపే, 1912 ఫిబ్రవరిలో చక్రవర్తి సింహాసనము విడిచెను. కాంటను నగరము వెలుపల యాన్‌టాంగ్ అనుచోట ఫెంగ్ రు నిర్మించిన విమానము చైనా గడ్డమీద తయారైన మొదటిది.

1912 ఆగస్టు 25, ఆదివారము. యాన్‌టాంగ్ మైదానమున జనులు గుమిగూడిరి. విమానము నూట యిరువది అడుగుల యెత్తుకు లేచి, కొన్ని మైళ్లు చక్కగా తిరిగెను. అప్పుడు ఆతడు ఇంకను పైకి పోగోరి విమానపు ముక్కును ఒక్కుమ్మడి నెత్తెను. ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి తెలియవలెను. రెక్క గాలికి కొంత వాలుగా నుండుటచేతనే విమానము తేలుచుండును. ఆ వాలు మితిమీరినచో, గాలి రెక్క నంటి జారుట మాని సుడులు తిరుగును; ఎత్తుబలము చటుక్కున పడిపోవును. మిక్కిలి ఎత్తున నున్నవాడు ముక్కును దించి, వేగము పుంజుకొని తప్పించుకొనగలడు. నూరడుగుల యెత్తున అందులకు చోటుండదు. విమానము నేల కూలెను. ప్రాణము పోవుచుండగా ఫెంగ్ రు తన సహచరులను పిలిచి, తన మరణమునకు జంకి పని మానవలదని కోరెనందురు. అప్పటి కాతనికి ఇరువదియెనిమిదేండ్లు.

నూతన ప్రభుత్వము ఆతనికి మరణానంతరము మేజర్ జనరలు పదవి నొసగెను. 1911 ఏప్రిలులో ప్రాణములర్పించిన డెబ్బది యిద్దరు వీరుల సమాధిగల హువాంగ్‌హువాగాంగ్‌నందే ఆతనిని పూడ్చిరి.

ఆతని తరువాత చాలకాలము చైనా పరుల విమానములనే కొనుచుండెను. 1949 అక్టోబరు 1వ తేదీన పెకింగులో నూతన ప్రభుత్వపు ఉత్సవము జరిగినప్పుడు ఎగిరినవి పదునేడు విమానములే. సంఖ్య చాలక, వానిలో తొమ్మిదింటిని చుట్టు తిప్పి రెండవమారు పోనిచ్చిరి. 1956లో షెన్యాంగ్‌లో తయారైన తొలి జెట్ యుద్ధవిమానము రష్యావారి మిగ్ విమానమునకు నకలు; దాని ఇంజను రష్యా ఇంజనునకు నకలు; ఆ రష్యా ఇంజనుకు మూలము ఇంగ్లాండునుండి కొన్న రోల్స్ రాయిస్ ఇంజను! జెట్ ఇంజనులోని చక్రపు రేకులు, లోహమును కరగించునంతటి వేడిగల వాయువులో నిమిషమునకు వేలకొలది మారులు తిరుగుచు నిలువవలెను. అట్టి లోహమును పోతపోయు విద్య అమ్మకమునకు దొరకదు. అందుచేతనే 1998లో ఎగిరిన జె-10 విమానమునకును, 2011లో తొలిసారి ఎగిరిన జె-20 విమానమునకును చైనావారు మొదట రష్యా ఇంజనులనే అమర్చవలసి వచ్చెను.

జె-20 విమానము తమ దేశపు ఇంజనులతో ప్రజల యెదుట ఎగిరినది 2021లో, జుహాయి నగరమున జరిగిన విమాన ప్రదర్శనమునందు. ఆ నగరము ఫెంగ్ రు పుట్టిన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములోనిదే.