ప్లేటులో మిగిలిన గొంతు: బెంగుళూరు నాగరత్నమ్మ

త్యాగరాజస్వామి పేరు వినని తెలుగువారు ఉండరు. ఆ స్వామి సమాధికి గుడి కట్టించిన స్త్రీ పేరు మన కాలేజీలో ఎంతమందికి తెలుసు? ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ.

మా చిప్పగిరిలో విజయదాసులవారి కట్ట ఉంది. ఆయన 1755లో అక్కడే దేహం చాలించారు. మేమంతా సేద్యగాళ్లం, మాట్లాడేది తెలుగు. ఆరాధన వచ్చిందంటే వినేది ఆయన కన్నడ పదాలు. అందుకే కన్నడ సీమలో పుట్టి, తెలుగు కావ్యం కోసం, తెలుగు కీర్తన కోసం ప్రాణం పెట్టిన ఈమె నాకు పరాయిగా తోచరు.

1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. తండ్రి వదిలేస్తే తల్లి పుట్టలక్ష్మి నానా అవస్థలు పడి సంస్కృతం, సంగీతం, నాట్యం నేర్పించింది. చిన్నతనంలోనే ఆ తల్లీ పోయింది. మైసూరు, బెంగుళూరులలో పాడి పేరు తెచ్చుకుని మద్రాసు చేరారు. బాగా గడించారు. ఇంతవరకు చాలామంది విద్వాంసుల కథే.

అసలు కథ ఒక పుస్తకంతో మొదలైంది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండిన ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అంతకుముందే అచ్చయింది. అయితే అందులో కవయిత్రి తన గురించి చెప్పుకున్న పద్యాలు, ఇంకా కొన్ని ఎగిరిపోయాయి! నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, ఒక్క పద్యమూ తీసేయకుండా 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించారు. వీరేశలింగం పంతులుగారంతటివారు తప్పుపట్టిన కావ్యమది. శృంగారం మగవాడు రాస్తే కావ్యం, ఆడది రాస్తే బూతా అని ఆమె ఎదురు వాదించారు. ప్రభుత్వం ప్రతులు జప్తు చేసి నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యాకగానీ ఆ నిషేధం తొలగలేదు.

తిరువయ్యారులో త్యాగరాజ సమాధి శిథిలమై పడి ఉందని గురువు బిడారం కృష్ణప్పగారి ద్వారా తెలిసి, 1921లో పని మొదలుపెట్టించారు. సొంత సొమ్మంతా ధారపోసి గుడి కట్టించారు. తీరా ఆరాధనలో ఆడవాళ్లు పాడరాదన్నారు! అయితే సరేనని ఆడవాళ్లతో వేరే ఆరాధన నడిపారు. 1940ల మొదట్లో వర్గాలన్నీ కలిశాయి. 1952లో అక్కడే కన్నుమూశారు.

ఇంత కాపాడిన మనిషి గొంతు మాత్రం లక్క ప్లేట్లలో మిగిలింది. అప్పట్లో మైకు లేదు. కొమ్ము బూర ముందు గట్టిగా పాడాలి. మూడు నిమిషాల్లో కృతి ముగించాలి. 1908లో కలకత్తా ఫ్యాక్టరీ వచ్చేదాకా ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి వచ్చేవి. వాయించిన ప్రతిసారీ ఉక్కు ముల్లు గాడిని కొంత అరగదీస్తుంది.

ఇప్పుడు పాత ప్లేట్లను డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నారు. ఆమె పాటలు కొన్ని సెల్‌ఫోన్లోనే వినొచ్చు. కానీ ఇక్కడో చిక్కుంది. 78 ప్లేట్లంటాం గానీ, ఆ తొలి రోజుల్లో అన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లతో రికార్డు కాలేదు. 74 చుట్లతో చేసినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. నాగరత్నమ్మ గొంతు కాస్త మగవాళ్ల గొంతులా బరువుగా ఉండేదంటారు. వేగం తప్పితే ఆ బరువే పోయి ఇంకెవరో పాడినట్టుంటుంది. బరబర పోవాలని కంప్యూటరులో మరీ వడగడితే గమకాల అంచులూ కొట్టుకుపోతాయి. ముద్దుపళని పద్యాలు కత్తిరించిన పని లాంటిదే ఇదీ. కాబట్టి ముందు బరబరతో సహా ఉన్నదున్నట్టు ఒక ప్రతి దాచాలి, శుభ్రం చేసింది వేరే ఉంచుకోవచ్చు.

ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఎవరింటి అటక మీదైనా అలాంటి ప్లేట్లుంటే, దయచేసి పాత యంత్రం మీద పెట్టి వాయించకండి. స్పిరిటుతో అసలే తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచి, కాలేజీలో మాకు కబురు చేయండి.