తెలుగు అచ్చునకు ఆద్యుడు – బెంజమిన్ షుల్జి

తెలుగు అక్షరములు సీసపు అచ్చులలో కూర్పబడి మొదటిసారిగా పుస్తకములైనది తెలుగుదేశమున కాదు, చెన్నపట్టణమునను కాదు. సముద్రముల కావల, జర్మనీ దేశమందలి హాలే నగరమున, 1746, 1747 సంవత్సరములలో ఆ పని జరిగెను. ఆ పుస్తకములను వ్రాసి అచ్చొత్తించినవాడు బెంజమిన్ షుల్జి అను క్రైస్తవ మతప్రచారకుడు. గ్రంథాలయపు బీరువాలలోని తెలుగు పుస్తకముల వంశవృక్షమును వెనుకకు చూచుకొనుచు పోయినచో, మొదట నిలుచువాడు ఆయనయే. ఆయన మతముతో ఏకీభవింపనివారికిని ఆయన పడిన శ్రమ తెలిసికొనదగినది.

షుల్జి 1689లో బ్రాండెన్‌బర్గు రాజ్యములోని సోనెన్‌బర్గు అను ఊర జన్మించెను. ఆ ఊరు నేడు పోలండు దేశములో నున్నది. గోలకొండ దుర్గము ఔరంగజేబు సేనల వశమై అప్పటికి రెండేండ్లైనది. ఈ రెండు సంగతులకును సంబంధమేమియు లేదు. కాని గోలకొండ రాజ్యపు ప్రజల భాషను ఈ శిశువు పెద్దవాడై నేర్చుకొనవలసియుండెను.

ఆయన విద్య హాలేలో జరిగెను. ఆ నగరమున ఆగస్టు హెర్మన్ ఫ్రాంకె అను ఆచార్యుడు అనాథశరణాలయమొకటి నెలకొల్పియుండెను. అది క్రమముగా పాఠశాలలు, ఔషధశాల, ముద్రణశాలయు గల పెద్ద సంస్థగా పెరిగెను. అక్కడి పేద విద్యార్థులు పిల్లలకు పాఠములు చెప్పి, అందుకు బదులుగా భోజనము పొందుచుండిరి. చదువుకొనుటయు చదువు చెప్పుటయు ఏకకాలమున సాగు పద్ధతి యది. మతప్రచారమునకు పోదలచిన యువకులకు హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలు క్షుణ్ణముగా నేర్పుచుండిరి. భారతదేశ భాషలకు సంబంధించినంతవఱకు అక్కడ దొరకు ఆధారము మిక్కిలి స్వల్పము. జీగెన్‌బాల్గు వ్రాసిన తమిళ వ్యాకరణము 1716లో హాలేలోనే అచ్చైనది. తెలుగునకు అదియును లేదు.

జీగెన్‌బాల్గు డెన్మార్కు రాజు పంపగా 1706లో తరంగంబాడి చేరినవాడు. పెద్దవాడయ్యును బడిపిల్లల నడుమ కూర్చుండి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్ది తమిళము నేర్చెను. ఆయనకు సహాయకుడై, ఆయన యొద్దనే శిక్షణ పొందవచ్చునని ఏ యువకుడైనను ఆశించుట సహజము. కాని షుల్జి 1719 సెప్టెంబరులో తరంగంబాడి చేరునప్పటికి జీగెన్‌బాల్గు మరణించి ఏడు నెలలైనది. మిగిలిన పెద్ద గ్రుండ్లర్ ఒక్కడే. ఆయనయు 1720 మార్చిలో కన్నుమూసెను. దేశమున అడుగిడి ఇంచుమించు ఆరు నెలలకే సంఘము, పాఠశాలలు, ముద్రణశాల, సగములో నిలిచిన తమిళ బైబిలు అన్నియు షుల్జిపైబడెను. భాష ఇంకను నోట తిరుగలేదు. అడిగి తెలిసికొనుటకు పెద్దలు లేరు.

ఈ తొందరలో ఆయన తమిళము నేర్చెను. జీగెన్‌బాల్గు పాత నిబంధనను రూతు గ్రంథము వఱకు అనువదించి విడిచియుండగా, షుల్జి మిగిలిన భాగమును పూర్తిచేసెను. 1728 నాటికి ముద్రణయు ముగిసెను. పని వేగము ఆశ్చర్యము గొలుపునది. గుణమును గూర్చి అంత మెచ్చుకొనుటకు వీలులేదు. తరువాత వచ్చిన ఫాబ్రీషియస్ ఆ తమిళ బైబిలును మొదటినుండి తిరిగి వ్రాయవలసివచ్చెను. తొందరలో నేర్చిన భాషకు ఆ లోపము తప్పదు; తన పనిపై షుల్జికి గల నమ్మకము మాత్రము ఆ లోపమును చూడనీయలేదని చెప్పవలసియున్నది.

ఆయన చెవి మాత్రము సూక్ష్మమైనది. 1725లో ఫ్రాంకెకు వ్రాసిన లేఖలో సంస్కృతపు సంఖ్యలకును లాటిను సంఖ్యలకును గల పోలికను ఆయన గుర్తించెను. ద్వి, త్రి, సప్త, నవ అను మాటలు లాటినున దువొ, త్రేస్, సెప్తెమ్, నొవెమ్ అగుట చూడుడు. ఈ చుట్టరికమును విలియం జోన్సు కలకత్తాలో లోకమునకు చాటినది 1786లో. దానికి అరువదియొక్క యేండ్లు ముందే తరంగంబాడిలో ఒక మతప్రచారకుడు అంకెలు లెక్కించుచు దానిని కనిపెట్టెను.

తరంగంబాడిలో తోడివారితో ఆయనకు పొసగలేదు. ఆ కలహములలో దోషమంతయు ఇతరులదే యనుటకు వీలులేదు. షుల్జి స్వభావము కఠినము. 1726లో ఆయన చెన్నపట్టణమునకు వచ్చెను. 1728 నుండి లండనులోని క్రైస్తవ విద్యాప్రచార సంఘము ఆయన పనికి ఆదరువయ్యెను. నిజాముల్ ముల్కు తన రాజ్యమును స్థాపించి అప్పటికి కొలది యేండ్లే యైనది.

చెన్నపట్టణపు వీధులలో తమిళముతో సమానముగా తెలుగు వినబడుచుండెను. వర్తకులలోను, దుబాసీలలోను తెలుగువారు విస్తారము. తమిళులు తెలుగువారిని వడుగరు, అనగా ఉత్తరమువారు, అని పిలుతురు. జర్మనులు ఆ మాటను వరుగు అని వ్రాసికొనిరి. నలువదేండ్లకు చేరువైన షుల్జి ఈ వరుగు భాషకు ఓనమాలు దిద్దుటకు మరల కూర్చుండెను. ఫ్రెంచి జెసూటు ఫాదరీలు పుంగనూరు ప్రాంతమున అంతకుముందే తెలుగు నేర్చియుండిరి. అయినను అచ్చుపడిన వ్యాకరణముగాని నిఘంటువుగాని అప్పటికి లేదు. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, కాంబెలుది 1816లోను, బ్రౌను నిఘంటువు 1852లోను వెలువడినవి. షుల్జి నాటికి తెలుగు చదువనగా తాళపత్రములు, గురుముఖము.

తమిళము వచ్చినవానికి తెలుగు సులభమని తోచును. కన్ను, పాలు, ఊరు వంటి మాటలు రెంట నొక్కటే. తమిళము హల్లుతో ముగించిన చోట తెలుగు అచ్చును చేర్చును. కాని ఆ సాదృశ్యమే మోసము చేయును. తమిళున వీడు అనగా ఇల్లు. తెలుగున వీడు అనగా ఈ మనుష్యుడు. తమిళుడు అవసరమన్నచో తొందర. తెలుగువాడు అవసరమన్నచో అక్కఱ. వ్రాతలో చిక్కులింకను హెచ్చు. క, ఖ, గ, ఘ అను నాలుగింటికి తమిళమున ఒక్కటే అక్షరము చాలును. తెలుగున నాలుగును వేఱు. వానికి గుణింతములు, ఒత్తులు. పలుకుబడిలో త, ట భేదము, ల, ళ భేదము జర్మను చెవికి సహజముగా పట్టునవి కావు. నేడు మాదాపూరు, కొండాపూరు పరిసరముల హైటెక్ సిటీ కార్యాలయములనుండి జర్మనీకో జపానుకో పోవు యువకులు బయలుదేరుటకు ముందు కొన్ని నెలలు ఆ దేశభాషను పాఠ్యపుస్తకములతోను, ధ్వనిముద్రికలతోను అభ్యసింతురు. షుల్జి తన పాఠ్యపుస్తకమును తానే వ్రాసికొనవలసివచ్చెను.

ఆ పుస్తకమే 1728లో చెన్నపట్టణమున రచించిన తెలుగు వ్యాకరణము. గ్రమాటికా తెలుగికా అని దాని లాటిను పేరు. నేర్చుకొనుచునే వ్యాకరణము వ్రాయుట సాహసము. అయినను భాషను పట్టుకొనుటకు ఆయనకు అదియే సాధనము. బైబిలును తెలుగున మొదటినుండి తుదివఱకు అనువదించు పనికిని అప్పుడే పూనుకొని 1732 నాటికి పూర్తిచేసెను. పట్టణమందలి మహమ్మదీయుల కొఱకు హిందూస్తానీయు అభ్యసించి దానికిని వ్యాకరణము వ్రాసెను. అది 1745లో హాలేలో అచ్చైనది. అందలి భాష ఢిల్లీవారిది కాదు, దక్కనీ. హైదరాబాదు వీధులలో వినబడు పలుకుబడికి దగ్గఱ చుట్టము.

అనువాదము ముగిసెను గాని తెలుగు అచ్చులు లోకమున నెచ్చటను లేవు. కాగితముల కట్ట కట్టగానే యుండిపోయెను. పదేండ్లు గడచెను. 1743 ఆరంభమున, ఏబదినాలుగేండ్ల వయస్సున, షుల్జి చెన్నపట్టణమును ఫాబ్రీషియసునకు అప్పగించి స్వదేశమునకు మరలెను.

హాలేలో ఆయన తెలుగు అచ్చులు పోయించెను. తెలుగు ఎఱుగని జర్మను పనివారు ప్రతి అక్షరమును, ప్రతి ఒత్తును ఆయన వ్రాతను చూచియే చెక్కవలసియుండెను. తలకట్టులు, కొమ్ములు, సుడులు గల ఈ లిపి రోమను లిపివలె ఇరువదియాఱు ముక్కలతో తీరునది కాదు. 1746లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథము, మఱుచటి యేడు మఱికొన్ని మతోపదేశ పుస్తకములు వెలువడెను. పండితులు చదివినచో నవ్వుదురు. ఛందస్సు లేదు, వ్యాకరణశుద్ధి యంతకంటె లేదు. కాని అందలి తెలుగు అంగడిలోను వీధిలోను ఆయన చెవినిబడిన తెలుగు. కావ్యములు భద్రపఱుపని ఆనాటి వాడుకమాట కొంత ఆ పుటలలో నిలిచియున్నది. తెలుగు సాహిత్యచరిత్ర ఆ పుస్తకములకు తగిన చోటు ఈయలేదు.

ఆయన తెలుగున వ్రాసిన మఱియొక పుస్తకము కలదు. అది చెన్నపట్టణపు జనుల వ్యవహారములను, ఆచారములను తెలుపు ముప్పది సంభాషణలు. వానిని తానే ఇంగ్లీషునకు మార్చి 1750లో అచ్చువేయించెను.

తరంగంబాడిలో అడుగుపెట్టిననాడు తనకు లేని గురువు ఇతరులకు తానే కాగలుగుట ఆయన చివరి దినముల విశేషము. తమిళ బైబిలును హాలేలో మరల అచ్చువేయు సన్నాహమున, ఇరువదేండ్లు దాటి కొలదికాలమైన స్వార్ట్జు అను విద్యార్థికి ఆయన తమిళము నేర్పెను. ఆ స్వార్ట్జు 1750లో భారతదేశమునకు వచ్చి, తరువాత తంజావూరు రాజకుమారుడు శరభోజికి సంరక్షకుడయ్యెను. ఆయన ఓడ దిగునప్పటికే కొంత తమిళము ఆయన నోట నుండెను.

షుల్జి 1760 నవంబరులో హాలేలో మరణించెను. ఆయన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి 1984లో, రచించిన రెండువందల ఏబదియాఱు సంవత్సరములకు, అదే నగరమున యథాతథముగా అచ్చైనది. తెలుగు బైబిలు అచ్చునకు రాలేదు.