సోషలిస్టు నాయకుడు యూసుఫ్ మెహరల్లీ

క్విట్ ఇండియా అన్న మాట వినని విద్యార్థి మన దేశంలో ఉండడు. ఆ మాటను గాంధీజీకి అందించిన వ్యక్తిగా ప్రసిద్ధి పొందిన యూసుఫ్ మెహరల్లీ పేరు మాత్రం నేడు కొద్దిమందికే తెలుసు. ఆయన జీవితమంతా నిలిచిన పార్టీ పేరు పలుమార్లు మారిపోవడం కూడా ఇందుకొక కారణమని మేము తలుస్తున్నాము.

మెహరల్లీ 1903 సెప్టెంబరు 23న బొంబాయిలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రులై, న్యాయశాస్త్రం అభ్యసించారు. కాని రాజకీయాలలో పాల్గొన్న కారణంగా న్యాయవాద వృత్తికి ఆయనకు అనుమతి లభించలేదు. ఒక విధంగా అది దేశానికి మేలే అయింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో ఓడ దిగినపుడు ఆయనా, ఆయన యువజన మిత్రులూ కూలీల వేషాలతో రేవులో ప్రవేశించి, వెనుకకు పొమ్మని నినదించి లాఠీదెబ్బలు తిన్నారు. దేశమంతటా మారుమ్రోగిన ఆ నినాదం కూడా ఆయన కూర్చినదేనంటారు.

1934లో జయప్రకాశ్ నారాయణ్, ఆచార్య నరేంద్రదేవ్ ప్రభృతులతో కలసి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ స్థాపనలో ఆయన పాల్గొన్నారు. ఇది ఒక విచిత్రమైన సంస్థ. కాంగ్రెసు సభ్యుడు కానివాడికి ఇందులో ప్రవేశం లేదు. అంటే ఒక పార్టీ గర్భంలో మరొక పార్టీ! స్వరాజ్యానికి కాంగ్రెసు కావాలి. రైతు, కార్మికుల స్వరాజ్యానికి కాంగ్రెసు చాలదు. ఈ రెండు విశ్వాసాల నడుమనే ఆ పార్టీ స్వరూపం ఏర్పడింది. 1936లో కమ్యూనిస్టులకు తలుపులు తెరిచి, 1940లో వారిని బహిష్కరించింది. అప్పుడు కేరళ శాఖ దాదాపు మొత్తంగా కమ్యూనిస్టుల వెంట నడిచింది. ఆంధ్రదేశంలో సుందరయ్యగారు మొదలైనవారు ఎన్నుకున్నదీ ఆ మార్గమే. చిక్కిపోయిన పార్టీలో మెహరల్లీ నిలిచి ఉన్నారు.

1942లో లాహోరు జైలులో ఉండగా ఆయన పేరు బొంబాయి మేయరు పదవికి ప్రతిపాదింపబడింది. విడుదలై వచ్చి ఎన్నికైనారు. ముస్లిములకు తామే ఏకైక ప్రతినిధులమని ముస్లిం లీగు చాటుకుంటున్న రోజులవి. ఆయనను ముస్లిం నాయకుల జాబితాలో చేర్చి తృప్తిపడడం మనలో కొందరికి అలవాటు. ఆయన రాజకీయం ఆ గడిలో ఇమడదు. ఆగస్టు ఉద్యమంలో మళ్ళీ చెరసాల పాలైనారు. అక్కడ గుండెజబ్బు ముదిరింది. ప్రభుత్వం ప్రత్యేక చికిత్సకు సిద్ధపడగా, వ్యాధిగ్రస్తులైన తోటి ఖైదీలకు సైతం అది కల్పించమన్నారనీ, ప్రభుత్వం ఒప్పుకోకపోగా తానూ నిరాకరించారనీ ఆయన చరిత్రకారులు చెబుతారు.

1947లో పార్టీ తన పేరునుండి కాంగ్రెస్ అన్న మాటను తొలగించుకుంది. 1948లో నాసిక్ సమావేశానంతరం కాంగ్రెసును పూర్తిగా విడిచింది. పుట్టింటిని వదలిన ఈ పార్టీ వెనుకటి పార్టీయేనా? ముమ్మాటికీ అదేనని మా అభిప్రాయం. 1934లో కాంగ్రెసు లోపల ఉండి అడిగిన భూమి, కూలి ప్రశ్నలనే బయట నిలిచి అడిగింది. అడిగినవారూ చాలావరకు వారే. 1950 జూలై 2న, 46 ఏళ్ల వయసులో కన్నుమూసేవరకు మెహరల్లీ వారిలో ఒకరు.

తరువాతి కథ మాత్రం ఇంత తేటగా లేదు. 1952లో కృపలానీగారి పక్షంతో విలీనమై ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. 1955 చివర లోహియా అనుయాయులు వేరుపడి, మన హైదరాబాదులోనే కొత్త సోషలిస్టు పార్టీని నెలకొల్పారు. 1964లో కలిశారు, మళ్ళీ చీలారు. 1971లో తిరిగి ఏకమై, 1977లో జనతా పార్టీలో లీనమైనారు. 2011లో అదే పేరుతో హైదరాబాదులోనే ఒక పార్టీ మరల వెలసింది. వీరిలో ప్రతి పక్షమూ 1934 వారసత్వం తనదేనంది. ఈ తగవు తీర్చే అధికారం ఎవరికీ లేదు. బొంబాయి సోషలిస్టు మిత్రులు మాత్రం 1961లో ఆయన పేరిట ఒక కేంద్రం స్థాపించి, తరువాత రాయగఢ్ జిల్లా తారా గ్రామంలో వైద్యం, విద్య, గ్రామ పరిశ్రమల పని చేపట్టారు.