కసీనో కొండ మీద పునీత బెనెడిక్టుగారు

మీరెప్పుడైనా రోము యాత్రకు వెళ్తే, ఒక రోజు మిగుల్చుకుని నేపుల్సు వైపు వెళ్ళే రైలెక్కండి. సుమారు సగం దారిలో కసీనో అనే ఊరు వస్తుంది. అక్కడ తలెత్తి చూస్తే కొండ కొసన కోటలాంటి తెల్లని మఠం కనిపిస్తుంది. అదే మోంతె కసీనో. పాశ్చాత్య దేశాల మఠజీవితానికి తండ్రి అని పేరుపొందిన పునీత బెనెడిక్టుగారు తమ చివరి సంవత్సరాలు గడిపింది అక్కడే. మెలికల దారిన పైకి వెళ్ళే ముందు ఆయన జీవితాన్ని ఒకసారి తలచుకుందాం. అది తెలియకపోతే అక్కడ మీకు గోడలే కనిపిస్తాయి.

బెనెడిక్టుగారు 480 ప్రాంతంలో ఇటలీలోని నూర్సియాలో, కలిగిన కుటుంబంలో పుట్టారు. చదువు కోసం రోముకు పంపితే, అక్కడి యువకుల విచ్చలవిడితనం చూసి భయపడి చదువు మానేశారు. పెంచిన దాదిని వెంటబెట్టుకుని ఒక పల్లె చేరారు. ఒకనాడు దాది ఇరుగుపొరుగు దగ్గర అరువు తెచ్చిన జల్లెడ విరిగిపోయింది. ఆమె ఏడుస్తుంటే చూడలేక ఆయన ప్రార్థించారు, జల్లెడ అతుక్కుంది. ఊరివారు దాన్ని గుడి వాకిట వేలాడదీసి ఆయనను పొగడసాగారు. ఆ పొగడ్తలకు వెరచి, దాదికి కూడా చెప్పకుండా ఆయన సుబియాకో కొండల్లోని ఒక గుహకు వెళ్ళిపోయారు. అక్కడ మూడేళ్ళు ఒంటరిగా గడిపారు. రొమానుస్ అనే సన్యాసి తన రొట్టెలోనే కొంత మిగిల్చి, తాడుకు కట్టి పైనుంచి దించేవాడు.

తరువాత దగ్గరలోని ఒక మఠంవారు వచ్చి, తమకు పెద్దగా ఉండమని బతిమాలారు. నా పద్ధతులు మీకు సరిపడవని చెప్పినా వినలేదు. తీరా ఆయన వెళ్ళి క్రమశిక్షణ పెట్టేసరికి, పిలిచిన ఆ చేతులే ద్రాక్షారసంలో విషం కలిపాయి. ఆయన సిలువ గుర్తు వేయగానే పాత్ర పగిలింది. ఆయన కోపగించుకోలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. దేవుడు మిమ్మును క్షమించుగాక అని దీవించి తిరిగి గుహకే వెళ్ళిపోయారు.

అక్కడికి శిష్యులు వచ్చి చేరారు. మఠానికి పన్నెండు మంది చొప్పున పన్నెండు మఠాలు వెలిశాయి. ఇక కష్టాలు తీరాయనుకుంటున్నారా? ఆ పక్క దేవాలయంలోని ఫ్లోరెన్సియుస్ అనే గురువుకు అసూయ పుట్టింది. విషం పెట్టిన రొట్టెను కానుకగా పంపాడు. అది ఫలించకపోతే శిష్యులను చెడగొట్టే ప్రయత్నం చేశాడు. తన మీది పగ శిష్యులకు చేటు తెస్తోందని గ్రహించి, బెనెడిక్టుగారు కొద్దిమందితో ఆ చోటు వదిలి బయలుదేరారు. అంతలో మేడమీది వసారా కూలి ఫ్లోరెన్సియుస్ మరణించాడని ఒక శిష్యుడు సంతోషంగా కబురు తెచ్చాడు. బెనెడిక్టుగారు బిగ్గరగా ఏడ్చారు. చనిపోయినవాని కోసం ఏడ్చారు, శత్రువు చావుకు సంతోషించిన శిష్యుని కోసం ఏడ్చారు. ఆ శిష్యునికి ప్రాయశ్చిత్తం కూడా విధించారు.

అలా 529 ప్రాంతంలో ఆయన కసీనో కొండకు చేరారు. అక్కడి అపోలో గుడి స్థానంలో ప్రార్థనాలయం కట్టి, 73 అధ్యాయాల మఠ నియమావళి రాశారు. అందులో ప్రార్థనకు వేళలున్నట్టే పొలం పనికీ, చదువుకూ వేళలున్నాయి. వంటింటి పని అందరికీ వంతులవారీగా వస్తుంది. ముఖ్య విషయాల్లో అందరికంటే చిన్నవాని సలహా కూడా అడగాలి. మఠం విడిచి వెళ్ళినవాడు పశ్చాత్తాపపడి వస్తే మూడు సార్ల వరకు చేర్చుకోవాలి. తనవారి చేతుల్లోనే రెండుసార్లు విషం చూసిన మనిషి రాసిన నియమమిది! ఆయన సుమారు 547లో పరమపదించారు. సోదరి పునీత స్కొలాస్తికగారి సమాధిలోనే ఆయనను ఉంచారు.

ఇప్పుడు కొండ ఎక్కి చూడండి. మీ ఎదుట ఉన్న మఠం పాతది కాదు. ఆయన మరణించిన కొన్ని దశాబ్దాలకే లొంబార్డులు దాన్ని నాశనం చేశారు. 883లో సారసెనులు తగలబెట్టారు, 1349లో భూకంపం కూల్చింది. 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల విమానాలు బాంబులు కురిపించగా, లోపల తలదాచుకున్న సామాన్య ప్రజలు చాలామంది మరణించారు. ప్రతిసారీ సన్యాసులు తిరిగివచ్చి కట్టుకున్నారు. 1964 అక్టోబరు 24న ఆరవ పౌలు పోపుగారు కొత్త దేవాలయాన్ని అభిషేకించి, బెనెడిక్టుగారిని ఐరోపాకు పాలక పునీతునిగా ప్రకటించారు. దిగి వచ్చేటప్పుడు ఊరి దగ్గరి యుద్ధ సమాధుల తోటలో ఆగండి. ఆ పోరులో ప్రాణాలు విడిచిన మన భారత సైనికులు కూడా అక్కడ ఉన్నారు. వారి కోసం ఒక ప్రార్థన చెప్పండి.

అందరం కసీనో వెళ్ళలేకపోవచ్చు. కాని సంఘంలోనో, విచారణలోనో, సొంత ఇంటిలోనో మనవారి చేతనే గాయపడనివారు మనలో ఎవరు? అటువంటప్పుడు పంతం పట్టి పోరాడటం, లేదా అన్నీ వదిలేసి తలుపు మూసుకోవడం, ఈ రెండే మనకు తెలిసిన దారులు. బెనెడిక్టుగారు మూడవ దారిన నడిచారు. పగను అక్కడే వదిలిపెట్టి, పనిని మాత్రం వెంట తీసుకువెళ్ళారు. జూలై 11న ఆయన పండుగ వస్తుంది. ఆ రోజుకైనా, మనం మాట్లాడటం మానేసిన ఒక్క మనిషి గడప తొక్కగలమా?